గౌరి గొంతు

"ఆ పిల్లను చూసి నేర్చుకో" అన్నది రంగనాయకి, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

కమల తల ఎత్తలేదు. ఒళ్ళో చాట పెట్టుకుని పుంటికూర తెంపుతున్నది. టీవీలో 'గడప దాటని గౌరి' మధ్యాహ్నం రెండోసారి వేస్తున్నారు. రాత్రి చూసిన ఎపిసోడే అయినా రంగనాయకి మళ్ళీ చూడందే అన్నం తినదు. తెర మీద గౌరి తన పసిబిడ్డను తోడికోడలి ఒడిలో పెట్టి, "కన్నది నేనే కావచ్చు అక్కా, అమ్మవు మాత్రం నువ్వే" అంటున్నది. ఆ గొంతులో ముందు ఒక వణుకు. తర్వాత ఏడుపును లోపలికి మింగిన చప్పుడు. ఆపైన చిన్న నవ్వు.

రంగనాయకి కొంగుతో కళ్ళొత్తుకున్నది. "మనిషంటే గట్లుండాలె. ఏం మాట, ఏం మనసు. నీకు మాటా లేదు, మనసూ లేదు."

ఆ వణుకు, ఆ మింగుడు, ఆ నవ్వు మూడూ కమలవే.

గౌరిగా వేసే ధన్వి బెంగళూరు పిల్ల. ఆమెకు తెలుగు రాదు. సెట్లో పక్కనుంచి అందించిన మాటలకు పెదవులు కదుపుతుంది, కళ్ళు తిప్పుతుంది, పోతుంది. ఆ పెదవులకు మాట కృష్ణానగర్‌లోని ఒక డబ్బింగ్ స్టూడియోలో, అద్దాల గదిలో, మైకు ముందు నిలబడి కమలకుమారి ఇస్తుంది. పెళ్ళికి ముందు నుంచీ ఆమె పని అదే. గౌలిపురాలోని ఈ ఇంట్లో ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కడే, భర్త వేణుమాధవ్. కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. "మా నాయన గుడి కమిటీల ఉన్నడు. కోడలు సినిమావాళ్ళ దగ్గరికి పోతదంటే తలెత్తుకోడు. ఆఫీసుల కంప్యూటర్ పని అని చెప్తున్న, నువ్వు గూడ గదే చెప్పు" అని పెళ్ళిచూపుల నాడే మాట తీసుకున్నాడు. జీతం మాత్రం ఇంటికి వస్తూనే ఉన్నది.

రోజూ రెండుపూటలా ఆ గొంతు వింటూ, పక్కన కూరాకు తెంపే మనిషిని అత్త ఎట్లా గుర్తుపట్టలేదో కమలకు మొదట్లో ఆశ్చర్యంగా ఉండేది. స్టూడియో తెలుగు వేరు, ఇంటి తెలుగు వేరు, అందుకే కావచ్చు అనుకున్నది. తర్వాత్తర్వాత అసలు కారణం అర్థమైంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో కమల నోట "అట్లనే అత్తమ్మా", "చాయ్ పెట్టాల్నా" తప్ప ఒక నిండు వాక్యం విన్నవాళ్ళు లేరు. ఏదైనా మొదలుపెడితే సగంలోనే ఎవరో ఒకరు లేచిపోయేవాళ్ళు, లేకపోతే టీవీ గట్టిగా పెట్టేవాళ్ళు. ఎన్నడూ విననిదాన్ని ఎవరైనా ఎట్లా గుర్తుపడతారు? గుర్తుపట్టింది కమల కూతురు శ్రీహిత ఒక్కతే. నాలుగేళ్ళ పిల్ల. టీవీ ముందు నిలబడి "అమ్మ" అంటుంది. "గౌరి అందరికీ అమ్మనే బిడ్డా" అని నానమ్మ మురిసిపోతుంది.

ఆ మధ్యాహ్నం సీరియల్ అయిపోయాక రంగనాయకి టీవీ కట్టేసింది. ఆ ఇంట్లో టీవీ కట్టేశారంటే ఏదో పెద్ద మాటే. ఆదివారం కావడంతో వేణు ఇంట్లోనే ఉన్నాడు. మామ ఉమాపతి గుడి నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు.

"నాకు అమ్మవారే దారి చూపింది" అన్నది రంగనాయకి. "షోలాపూర్‌ల మన నందకిశోర్‌కు పెండ్లయి ఇన్నేండ్లయె. రుక్మిణి కడుపు పండలె. ఇంటి పెద్దకొడుకు ఇల్లు వట్టిగుంటే నాకు కూడు సయిస్తదా. మన శ్రీహితను వాళ్ళకు దత్తత ఇద్దాం."

కమల చేతిలో పుంటికూర కాడ విరిగింది. "నేనియ్య అత్తమ్మా."

"గౌరి ఇయ్యలేదా?"

"గది సీరియల్."

"సీరియలైతే? గౌరికి కడుపుతీపి లేదా? నీకే ఉన్నదా?"

కమల భర్త వైపు చూసింది. వేణు గోరు చూసుకుంటూ అన్నాడు. "గింతదానికి లొల్లి ఎందుకు. నువ్వు ఇంకోటి కంటవ్. వయసున్నది."

"శ్రావణంల మొదటి శుక్రవారం మంచిగున్నది" అన్నాడు ఉమాపతి. అంతటితో ఆ మాట ముగిసింది. అన్నం వడ్డించమన్నారు.

వడ్డించింది. గిన్నెలు తోముతున్నప్పుడు ఆమెకు ఆ డబ్బింగ్ రోజు గుర్తొచ్చింది. బిడ్డను ఇచ్చే ఆ సీను చెప్తుంటే కళ్ళముందు శ్రీహిత మెదిలి, ఏడ్చేసింది. డబ్బింగ్ చూసుకునే శ్రీనివాస్ అద్దం అవతలి నుంచి మైకులో అన్నాడు. "ఏడుపు వద్దు మేడమ్. గౌరి ఏడవదు. ఏడుపు మింగి నవ్వుతుంది. ఆమె బలమే అది. ఇంకోసారి చేద్దాం." ఇంకోసారి చేసింది. మళ్ళీ చేసింది. చివరికి మింగడం బాగా వచ్చింది, నవ్వు ఇంకా బాగా వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నవ్వే గౌలిపురా గలీలోకి వచ్చి, తన ఇంట్లో దూరి, తన అత్త చెవిలో ఈ ఆలోచన పెట్టింది. ఏ దేవతా దారి చూపలేదు. కమల తన నోటితోనే తన బిడ్డను ఇచ్చేసింది. గిన్నె అంచు చేతికి కోసుకుని రక్తం వచ్చేదాకా తోముతూనే ఉన్నది. అప్పుడు ఆమెలో పుట్టింది దుఃఖం కాదు. కక్ష.

కక్షకు దారి రంగనాయకే వేసింది.

బోనాల పండుగకు ఛానల్ వాళ్ళు ఒక పోటీ పెట్టారు. గౌరి మంచితనం మీ ఇంటిని ఎట్లా మార్చిందో వాయిస్ మెసేజ్ పంపండి, గెలిచిన వాళ్ళింటికి కెమెరా వస్తుంది, గౌరి స్వయంగా ఫోన్ చేసి మాట్లాడుతుంది అన్నారు. రంగనాయకి పంపింది. గౌరిని చూసి మా చిన్నకోడలు కన్నబిడ్డను షోలాపూర్‌ల ఏరాలికి ఇస్తున్నది, ఇంతకన్న ఏం కావాలె తల్లీ అని ఏడ్చి మరీ పంపింది. ఛానల్ వాళ్ళు ఎగిరి గంతేశారు. ఇంతకంటే గొప్ప కథ వాళ్ళ రైటర్లకు కూడా తట్టలేదు.

గెలిచిన వార్త గలీ అంతా పాకింది. ఆ సాయంత్రమే వేణు వంటింటి తలుపు దగ్గరికి వచ్చాడు.

"గా ఫోన్ల మాట్లాడేది నువ్వేనా?"

"ఇంకెవరున్నరు. ధన్వికి తెలుగొస్తదా?"

అతను కాసేపు ఆలోచించాడు. "రాసిచ్చింది చదువు. సప్పుడు చెయ్యక రా. తోక జాడిస్తే గా పని గాడికే బంద్. పొల్ల ఎట్లాగూ షోలాపూర్ పోతది, నువ్వు ఇంట్ల కూసోవచ్చు."

"అట్లనే" అన్నది కమల.

ఫోన్ కలిపే రోజు స్టూడియోలో శ్రీనివాస్ కాగితం ఇచ్చాడు. ఛానల్ తరఫున అభిజ్ఞ అనే అమ్మాయి వచ్చింది. తలకు హెడ్‌ఫోన్, చేతిలో కాఫీ, కళ్ళలో రేటింగు. "మేడమ్, సింపుల్. ఆవిడ మాట్లాడుతుంది, మీరు మెచ్చుకుంటారు. చివర్లో 'మీ కోడలు నాకంటే గొప్పది, ఆమె పాదాలకు నా నమస్కారం' అనేది గుండెలోంచి రావాలి. ఇది రికార్డయ్యాక ధన్వి వచ్చి లిప్ ఇస్తుంది." కాగితం మీద ఫోన్ అందుకునేవారి పేరు రంగనాయకి, గౌలిపురా అని ఉన్నది. వాళ్ళిద్దరిలో ఎవరికీ అది కమల అత్త అని తెలియదు. కమల చెప్పలేదు. అద్దాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నది.

హెడ్‌ఫోన్‌లో ఫోన్ కలిసింది. ముందు మనిషి గొంతు కాదు, ఇల్లు వినిపించింది. కటకటమనే తమ ఇంటి ఫ్యాన్. ఎవరో ఆడవాళ్ళు సర్దుకుని కూర్చుంటున్న చప్పుడు. ఎదురింటి కాశమ్మ, "ఫోన్ స్పీకర్ల పెట్టు వదినా, మేం గూడ వినాలె గదా" అంటున్నది. గాజులమ్మే మున్నీ నవ్వు. తను లేనప్పటి ఆ ఇంటిని తను వినడం ఇదే మొదటిసారి.

"నమస్కారం అమ్మా. నేను గౌరిని" అన్నది కమల, తేనె లాంటి గొంతుతో.

అవతల రంగనాయకి వెక్కిళ్ళు. "తల్లీ... నా బంగారుతల్లీ... నువ్వు మాట్లాడుతుంటె నా బతుకు ధన్యమైంది."

కమల కాగితం చదివింది. రంగనాయకి మాట్లాడింది. గౌరి నీతి, గౌరి ఓర్పు, గౌరి ఏ దినం అత్తకు ఎదురు చెప్పకపోవుడు, తను కోడలికి అవన్నీ ఎట్లా నేర్పిందీ. "మొండిది తల్లీ మా కోడలు. ఏమొచ్చేది కాదు. నేనే మనిషిని చేసిన." కమల గొంతు ఎక్కడా జారలేదు. అవునమ్మా అన్నది, ఎంత మంచి మనసమ్మా మీది అన్నది. ఇక చివరి వాక్యం ఒక్కటే మిగిలింది. దాని మీద వేలు పెట్టుకుని, ఊపిరి తీసుకున్నది.

అప్పుడు ఫోన్‌కు బాగా దగ్గరగా చిన్న గొంతు వినిపించింది. "గీ ఫోన్ల మా అమ్మున్నది. అమ్మా, ఎప్పుడొస్తవ్?"

అక్కడున్న ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. "సూసిండ్రా, పోరికి గూడ గౌరి అంటే అమ్మనే" అన్నది రంగనాయకి మురిపెంగా. "రేపు షోలాపూర్ పోతె గూడ గీ గొంతు వింటనే ఉంటది తియ్యి, టీవీల."

కమల వేలు కాగితం మీంచి లేచింది.

"అమ్మా, మీ కోడలు ఎక్కడుంది? ఆమెతో మాట్లాడాలని ఉంది."

"డ్యూటీకి పోయింది తల్లీ. ఉన్నా ఏం లాభం, దానికి నోరే లేదు."

"నోరే లేకపోతే, బిడ్డనిస్తానని ఎలా చెప్పిందమ్మా?"

కాశమ్మ ఫక్కున నవ్వింది. రంగనాయకి తడబడింది. "చెప్పుడేంది తల్లీ... మా ఇండ్లల్ల కోడండ్లను అడిగే రివాజు లేదు. పెద్దలం అనుకున్నం, అయిపాయె."

అద్దం అవతల శ్రీనివాస్ చేతులు ఊపాడు, కాగితం కాగితం అని. మైకు ఆపడానికి చెయ్యి చాపాడు. అభిజ్ఞ ఆ చెయ్యి పట్టుకున్నది. కమల మీద ప్రేమతో కాదు. కాఫీ పక్కన పెట్టి, కళ్ళు పెద్దవి చేసుకుని, కానివ్వమన్నట్టు వేలు తిప్పింది.

"మీ అబ్బాయిగారికి ఒకసారి ఇవ్వండమ్మా ఫోను."

ఫోను చేతులు మారింది. "హలో" అన్నాడు వేణు. ఆ ఒక్క మాటలోనే అతని గొంతు ఎండిపోయిందని కమలకు తెలిసింది. గొంతుల పని ఆమెది.

"మీ భార్య ఒప్పుకున్నారా అండీ?"

"గది... మా ఇంటి మాట మేడమ్."

"మీ ఇంటి మాట మీ అమ్మగారే టీవీకి పంపారు కదండీ."

"సహీ బాత్ బోలీ, నిజమే గదా" అన్నది మున్నీ వెనకాల.

"ఆమె ఎక్కడ పనిచేస్తారు?"

"ఆఫీసుల. కంప్యూటర్."

"ఏ ఆఫీసు?"

మాట లేదు. ఫ్యాన్ కటకట మాత్రం వినిపిస్తున్నది. కమల తొందరపడలేదు. ఆ మౌనాన్ని చింతపండు చప్పరించినట్టు చప్పరించింది. అతనికి తెలుసు. ఫోన్లో ఉన్నది ఎవరో ఆ గదిలో అతనికీ నాలుగేళ్ళ పిల్లకూ మాత్రమే తెలుసు. నువ్వే గదనే అని ఒక్క మాట అంటే చాలు, ఆట కట్టు. కానీ ఆ మాట అన్నాడంటే, తల్లి ముందు, తండ్రి ముందు, గలీ ఆడవాళ్ళ ముందు, కెమెరా ముందు ఇన్నేళ్ళ అబద్ధం తన నోటితోనే ఒప్పుకోవాలి. అమ్మ మొక్కే దేవత తన పెళ్ళామేనని చెప్పాలి.

"పెండ్లాం యాడ పనిచేస్తదో తెల్వదా వేణూ?" అన్నది కాశమ్మ. "గింత ఫికర్ లేని మొగడు దొరికినోళ్ళది అదృష్టం." నవ్వులు లేచాయి. ఫోన్ చేతిలోంచి చేతికి దూకినట్టు చప్పుడైంది.

"తల్లీ, నా మీద కోపమచ్చిందా?" రంగనాయకి గొంతు చిన్నబోయింది.

"మీ మీద నాకు కోపమా అమ్మా. నా మాట వింటారా?"

"నీ మాట మాకు వేదం."

"అయితే మహంకాళి అమ్మవారి మీద ఒట్టు పెట్టండి. నేను చెప్పింది చేస్తానని."

బోనాల వేళ. ఇంటినిండా ముత్తైదువలు. ఎదురుగా కెమెరా. గౌరి నోటి మాట. రంగనాయకి ఒట్టు పెట్టింది.

కమల కళ్ళు మూసుకున్నది. "నేను బిడ్డను ఇచ్చినప్పుడు నన్ను కూడా ఎవరూ అడగలేదమ్మా. నవ్వాను కాబట్టి అందరూ దేవత అన్నారు. లోపల ఏం మింగానో ఎవరూ చూడలేదు. నా మంచితనం చూసి ఇంకో తల్లి ఒడి ఖాళీ అవుతుందని తెలిస్తే నేను ఆ రోజు ఇచ్చేదాన్ని కాదు. మీ మనవరాలిని ఎవరికీ ఇవ్వకండి. మీ కోడలు వద్దన్న పని ఏదీ ఆమె చేత చేయించకండి. శ్రావణ శుక్రవారం నాడు ఆమెను పీట మీద కూర్చోబెట్టి, మీ చేతులతో పాదాలకు పసుపు రాసి, మీ గలీ వాళ్ళందరి ముందు ఆ మాట చెప్పండి. మీరు నాకు చెల్లించే మొక్కు ఇదే."

"అట్లనే తల్లీ" అన్నది రంగనాయకి.

అట్లనే. ఆ మాట అత్త నోట వినడం కమలకు అదే మొదలు.

శ్రీనివాస్ తల పట్టుకుని కూర్చున్నాడు. "రాసింది ఏది, మీరు చెప్పింది ఏది మేడమ్?" అభిజ్ఞ అతన్ని పట్టించుకోలేదు. "ఒక్క ముక్క కట్ చేయొద్దు. ప్రోమో ఇదే" అన్నది. మర్నాడు ధన్వి వచ్చి ఆ మాటలన్నిటికీ పెదవులు కదిపి పోయింది.

ఫోన్ వచ్చిన రోజు సాయంత్రమే వేణు మేడ మెట్ల దగ్గర కమల మణికట్టు పట్టుకున్నాడు. "నాతోనే ఆడుతున్నవా? అమ్మకు చెప్త."

"చెప్పు."

"చెప్త మరి."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదో గూడ చెప్పు. మామయ్యకు చెప్పు. కాశమ్మక్కకు చెప్పు. పొద్దుగాల కెమెరా ముంగట నోరెందుకు పెగల్లేదో గది గూడ చెప్పు."

అతని పట్టు వదులైంది. కమల చెయ్యి తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

ప్రోమో వచ్చిన రోజు షోలాపూర్ నుంచి రుక్మిణి ఫోన్ చేసింది. "కమలా, నువ్వే కాళ్ళు పట్టుకుని ఇస్తా అన్నవని చెప్పిండ్రు గదనే నాకు. నేను అడుగలే. ఇంకొకరి పిల్లను ఏడిపించి తెచ్చుకునే గతి నాకు పట్టలే." ఇక్కడ తనను అడగకుండా, అక్కడ అబద్ధం చెప్పి, మధ్యలో నిలబడి అత్త త్యాగం గురించి ఏడ్చిందన్న మాట. కమలలో కొద్దిగా మిగిలిన జాలి ఆ ఫోనుతో పోయింది.

శ్రావణ శుక్రవారం వచ్చింది. ఎగ్గొడదామని రంగనాయకికి ఎంత ఉన్నా కుదరలేదు. ప్రోమో చూసిన పక్క గలీవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. గుడి కమిటీ వాళ్ళ భార్యలు వచ్చారు. కమల మంచి చీర కట్టుకుని పీట మీద కూర్చుని, శ్రీహితను ఒళ్ళో పెట్టుకున్నది. వేణు గుమ్మం దగ్గర నిలబడి ఎటు చూడాలో తెలియక చెప్పులు చూస్తున్నాడు.

రంగనాయకి నేల మీద కూర్చుని పసుపు కలిపింది. "మా కోడలు వద్దన్న పని చెయ్యించ. పొల్లను ఎవలకూ ఇయ్య" అన్నది, నోట్లో రాయి పెట్టుకున్నట్టు.

"ఇనబడలే వదినా" అన్నది కాశమ్మ.

మళ్ళీ అన్నది, గట్టిగా. కుడికాలు ముందుకు లాక్కుని పసుపు రాయడం మొదలుపెట్టింది.

"మంచిగ రుద్దు, కెమెరా లేదని మెల్లగ రుద్దకు."

ఆడవాళ్ళు నవ్వుకుంటుంటే, ఆ నవ్వుల చాటున రంగనాయకి తల ఎత్తకుండా, కమలకు మాత్రమే వినపడేట్టు అన్నది. "సంబురపడకు. నీకు గాదు, గౌరి మాటకు చేస్తున్న. గా సీరియల్ ఇంకెన్ని దినాలుంటది? ఏదో ఒకనాడు అయిపోతది. అది అయిపోయిందంటే నా ఒట్టు గూడ అయిపోయినట్టే. అప్పుడు నీ బిడ్డ ఎటు పోతదో చూస్తం."

కమలకు నవ్వొచ్చింది. ఇట్లాంటప్పుడు గౌరి అయితే ఏం చేస్తుందో ఆమెకు బాగా తెలుసు. మింగుతుంది. మింగి, కన్నీళ్ళ మధ్య నుంచి నవ్వుతుంది. శ్రీనివాస్ చప్పట్లు కొడతాడు. మింగినదంతా ఎక్కడికి పోతుందని ఎవరూ అడగరు. ఒట్టు గౌరిది, భయం గౌరిది, భక్తి గౌరిది. కమలకంటూ ఈ ఇంట్లో ఇప్పటికీ ఏమీ లేదు. ఇవాళ ఈ పీట మీంచి మూగగా లేస్తే రేపు మళ్ళీ చాట, మళ్ళీ పుంటికూర, మళ్ళీ ఏదో ఒక ఎపిసోడ్.

బిడ్డ తల సవరించి, ముందుకు వంగింది. అత్త చెవి దగ్గరికి నోరు తెచ్చింది. గుమ్మంలో వేణు అది చూసి ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

"సీరియల్ అయిపోయినా నేను ఈ ఇంట్లోనే ఉంటానమ్మా" అన్నది, మెత్తగా, స్పష్టంగా, రంగనాయకి రోజూ రెండుపూటలా కళ్ళొత్తుకుంటూ వినే గొంతుతో.

పసుపు చేతులు ఆగిపోయాయి. రంగనాయకి మెల్లగా తల ఎత్తి, జీవితంలో మొదటిసారి కోడలి నోటి వంక చూసింది. చుట్టూ గలీ అంతా చూస్తున్నది.

కమల చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి జరిపి, అదే గొంతుతో అన్నది.

"ఇంకో కాలు మిగిలింది."